అవ్వ కుట్టిన ఆట

ముందే ఒప్పుకుంటున్నాను. ఈ లోకంలో లేని ఒక ఆటను నేను ఒక వానాకాలమంతా పదిమందికి నేర్పాను. అట్లాంటిట్లాంటి నేర్పడం కాదు. ఎక్కడ దూకాలో, ఎక్కడ ఒంగాలో, ఎక్కడ ఊపిరి బిగబట్టి గోడకు అతుక్కోవాలో చూపుడువేలు ఎత్తి మరీ చెప్పాను. ఎదురు ప్రశ్న వేసినవాణ్ని చూసి జాలిగా నవ్వాను. ఆ ఆట ఆడే యంత్రాన్ని నేను అప్పటికి కళ్లతో చూసి ఉండలేదు. చూడలేదన్న సంగతి నా నోటికి అడ్డు రాలేదు. సముద్రం ముఖం ఎరగకుండానే "గోదారి ఇయ్యాల సముద్రం లెక్కున్నది" అనేవాళ్లు మా ఊళ్లో బోలెడుమంది. నేనూ ఆ బాపతే.

ఇప్పుడీ సంగతి ఎందుకు తవ్వుతున్నానంటే, మొన్నామధ్య నా ఫోనుకు ఒక లింకు వచ్చింది. నాకు నాగేపల్లిలో చిన్న దుకాణం ఉంది. రైతులకు ఆన్‌లైన్‌లో ఫారాలు నింపిపెడతాను, పొలం కాగితాలు తీసిపెడతాను. పొద్దంతా కంప్యూటరు ముందే నా బతుకు. అందులో ఒక్క ఆట కూడా లేదు. ఫారాల కోసం వచ్చే కుర్రాడొకడు ఆ లింకు పంపి, "అన్నా, నువ్వెప్పుడు చెప్తుంటవ్ గదా, గా ఆటల పుస్తకం, ఇదేనా?" అని అడిగాడు.

తెరిచాను. ఒక మాసపత్రిక అట్ట. వీడియో గేముల గురించి తప్ప ఇంకే సంగతీ రాయని ఇంగ్లీషు పత్రిక. ఎన్నడో ఆగిపోయింది. పాత పాఠకులంతా ఒకచోట చేరి, దాని సంచికలను వెతికి పోగేసుకుంటున్నారు. అట్ట మీద కాగడా పట్టుకుని చీకట్లోకి దిగుతున్న మనిషి బొమ్మ. చూడగానే నా ముక్కుకు కిరసనాయిలు వాసన తగిలింది. ఆ పత్రిక నాకు ఎప్పుడూ కిరసనాయిలు వాసనతోనే దొరికింది మరి.

మహారాష్ట్ర కొసన, ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచలో మాది కిరాణా దుకాణం. ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు, రెంటికీ నడుమ గోనెపట్టా పరదా. ఒక మూల కిరసనాయిలు డబ్బా, ఇంకో మూల బెల్లం గోళం, ఎండుమిరపకాయల బస్తాలు, ఎండిన ఇప్పపువ్వు గంప. వానలు పట్టాయంటే ఈ వాసనలన్నీ తడిగోనె వాసనలో కలిసి ఇంట్లో మరో మనిషిలా తిరిగేవి. మా చొక్కాలకు, అన్నానికి, నా బడి పుస్తకాలకు కూడా అదే వాసన. బళ్లో నా పక్కన కూర్చున్నవాడికి మధ్యాహ్నానికల్లా ఆకలి అయ్యేది.

అప్పటికి ప్లాస్టిక్ సంచులు మాదాకా రాలేదు. ఉప్పయినా పప్పయినా పొట్లం కట్టాల్సిందే. పొట్లాలకు రద్దీ కావాలి. మీకు రద్దీ అంటే జనం. మాకు రద్దీ అంటే పాత కాగితం. చంద్రపూర్ నుంచి సరుకు లారీలో, అల్లపల్లి అడవి దాటి, రద్దీ బస్తాలు వచ్చేవి. వానలు పడేముందు వచ్చేదే ఆఖరి లోడు. ఆ తర్వాత వాగులు పొంగి రోడ్డు మునిగేది, ప్రాణహిత మీద పడవలు ఆగేవి, రెండు మూడు నెలలు మా ఊరు మాకే. వంతెనలు వచ్చాక పుట్టినవాళ్లకు ఇది చెప్పినా నమ్మరు.

మా బాపు, అంటే నాన్న, కాగితాన్ని పరకాయించడంలో దిట్ట. వేళ్ల మధ్య నలిపి చూసి కులం చెప్పేవాడు. వార్తాపత్రిక పప్పులకు, నోటుబుక్కు కాగితం కారప్పొడికి, పరీక్ష పేపర్లు ఉప్పుకు. ఆయన ఒంటికి పడనిది ఒకటే, రంగుబొమ్మల నున్న కాగితం. మడతపెడితే నిలవదు, దారం చుడితే జారిపోతుంది.

"ఏం కాయితం రా ఇది, చేప లెక్క జారుతున్నది. తీసి పొయ్యిల పడెయ్యండ్రి," అనేవాడు.

పొయ్యిలోనూ అది సరిగా కాలేది కాదు. నీలంగా పొగ పెట్టి అన్నానికి రంగువాసన పట్టించేది. అట్లా పొట్లానికీ పొయ్యికీ పనికిరానిదంతా నా వాటాకు వచ్చింది. నా చదువు అట్లా మొదలైంది.

ఆ ఏడు ఆఖరి లోడులో వచ్చిన బస్తాలో ఈ ఆటల పత్రిక కాగితాలు దొరికాయి. లోకానికి మాసపత్రిక, నా దగ్గరికి వచ్చేసరికి మాసిన పత్రిక. అట్టల్లేవు, పిన్నులు లేవు, విడివిడి కాగితాలు. పేజీల అంకెలుండే మూలలను దారిలో ఎలుకలు తినేశాయి. మా ఎలుకలకు అక్షరాల కంటే అంకెలే రుచి.

వాటిని నేను ఇల్లంతా పరుస్తుంటే మా అవ్వకు విసుగొచ్చింది. అవ్వంటే మా దిక్కున అమ్మే. గోనెసంచుల మూతులు కుట్టే దబ్బనం, సుతిలి దారం తీసుకుని కూర్చుంది. ఆమెకు చదువు రాదు. మూడు భాషల్లో బేరం చేయగలదు, ఒక్కదానిలోనూ అక్షరం పోల్చలేదు. నిండు కాగితాలు కింద, చిరిగినవి పైన, మరీ చిన్నవి నడుమ, చూడ్డానికి దొంతర తిన్నగా ఉండేలా పేర్చింది. నున్న కాగితంలో దబ్బనం దిగడానికి మొరాయించి ఒకసారి జారి బొటనవేలికి దిగింది. వేలు నోట్లో పెట్టుకుని, మళ్లీ కుట్టి, ముడేసి, నా ఒళ్లోకి విసిరింది.

"ఇగ తీసుకో. మల్ల ఇల్లంత పరిస్తివో, నిన్ను గూడ సంచిలేసి కుడత."

ఆ విధంగా మా పత్రికకు సంపాదకురాలు మా అవ్వ.

వానకు బడి సగం రోజులు ఉండేది కాదు. పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఇంగ్లీషులో చదివి, బడి నిఘంటువులో మరాఠీకి మార్చుకుని, తెలుగులో అర్థం చేసుకునేవాణ్ని. ఒక్కో వాక్యం నా దగ్గరికి వచ్చేసరికి మూడు నదులు దాటినంత అలసిపోయి ఉండేది. కానీ వచ్చింది. ఒక మనిషి కాగడా పట్టుకుని భూమి లోపల సమాధుల్లోకి దిగుతాడు. తలుపులుంటాయి, తలుపులకు రాతిచేతులు కావలి. మూడో తలుపు ఎట్లా తెరవాలో వివరంగా ఉంది. అది తెరవగానే, తర్వాతి పేజీలో, అదే మనిషి లారీ స్టీరింగు పట్టుకుని మంచుకొండల ఘాటు రోడ్డు మీద ఉన్నాడు. వెనక నిండా లోడు. దిగువకు చేర్చాలి. చేర్చి లారీ దిగితే మళ్లీ సమాధి, నాలుగో తలుపు.

నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. ఆట చేసినవాళ్ల తెలివికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఇక ఆడటం. కంప్యూటరు లేదు కాబట్టి నేనే కంప్యూటరునయ్యాను. దుకాణం వెనక చూరు కింద తడవని చోట బొగ్గుతో గదులు గీసేవాణ్ని. ఆడేవాళ్లు ఎదురుగా కూర్చుని ముందుకు, వెనక్కి, ఎడమ, కుడి, దూకు, కొట్టు, ఈ ఆరు మాటలే అనాలి. నేను పుస్తకంలో చూసి ఏమైందో చెప్తాను. మనిషికి మూడు ప్రాణాలు, మూడు చింతగింజలు. తప్పు చేస్తే ఒక గింజ నాకు. అవ్వ ఆ రోజు మక్కగారెలు చేసి ఉంటే ఒక గారె ముక్కకు ఒక ప్రాణం తిరిగి ఇచ్చేవాణ్ని. లంచం తీసుకున్న మొదటి కంప్యూటరు నేనే అయి ఉంటాను.

అందరిలోకి గట్టి ఆటగత్తె పడవ నడిపేటాయన బిడ్డ. పడవలు ఆగిన రోజులు కాబట్టి తండ్రికి పని లేదు, ఈమెకు బోలెడు తీరిక. నా కంటే ఒక తరగతి పైన, నోరు నాలుగు తరగతులు పైన.

"ముందుకు," అనేది.

"గోడ తగిలింది."

"ఎడమకు."

"చీకటి. కాగడ ఉన్నదా?"

"నిన్న తీసుకున్న గద!"

"నిన్నటిది నిన్ననే ఆరింది."

"ఎవలు ఆర్పిండ్రు? నువ్వా?"

"నేను గాదు, పుస్తకం."

"పుస్తకం నోరు నీదే గదరా. ఓ కంప్యూటరూ, జర సూసి చెప్పు. గారె తినుకుంట చెప్పకు."

మొదటిసారి మూడో తలుపు తెరుచుకున్న రోజు నాకు ఇంకా గుర్తుంది. "లారీ వచ్చింది," అన్నాను. అందరూ నా వంక చూశారు.

"భూమిలకు లారీ ఎట్ల దిగిందిరా?" అంది పడవాయన బిడ్డ.

నేను తడుముకుంటుంటే, తండ్రి అల్లపల్లిలో టేకు దుంగల లారీ నడిపే పిల్లగాడు నా మర్యాద కాపాడాడు. "ఎందుకు దిగది? మా బాపు దుంగలేసుకొని ఎక్కడికంటే అక్కడికి దింపుతడు. గేరు తెలువాలె, అంతే."

అంతే, లారీ దిగింది. ఆ రోజు నుంచి ఆటకు పేరు కూడా పడింది: లోపలి లారీ. లారీ భాగం వచ్చిందంటే ఆ పిల్లగాడే ఉస్తాదు. పుస్తకంలో లేని గేర్లు కూడా వేయించేవాడు. నేను ఒప్పుకునేవాణ్ని. పుస్తకంలో లేదని నేనంటే, పుస్తకం రాసినాయన ఎన్నడన్నా పెర్మిలి ఘాటు ఎక్కిండా అని అడిగేవాడు.

పుస్తకంలో మోసపు కిటుకుల పేజీ ఒకటుంది. ఫలానా అక్షరాలు వరసగా నొక్కితే ప్రాణాలు తరగవు అని అచ్చువేసి ఉంది. అది చదివి చెప్తే అవ్వ బియ్యం చెరగడం ఆపింది. "మోసం గూడ అచ్చేసి ఇస్తరా? సిగ్గు లేదా వాళ్లకు?"

"ముందే చెప్పి చేస్తె అది మోసమెట్లయితదే? యాపారమైతది," అన్నాడు బాపు, పరదా అవతల నుంచి.

ఆ ఏడు దారులు మునగకముందే సర్కారీ కాలనీలోకి బదిలీ మీద ఒక సాహెబు వచ్చాడు. ఏ శాఖో చెప్పను, మా ఊరి బురద చూసి మొహం చిట్లించే శాఖ అనుకోండి. ఆయన కొడుకు నా ఈడువాడే. మోకాలి దాకా మేజోళ్లు వేసుకుని బురదలో నడిచేవాడు. ఇంట్లో మరాఠీ, మాతో మాట్లాడాల్సి వస్తే మరీ నెమ్మదిగా మరాఠీ, మేం చెవిటివాళ్లమన్నట్టు.

ఒకనాడు సబ్బులకు దుకాణానికి వచ్చి, వాన ఎక్కువై చూరు కిందికి చేరాడు. మేం ఆట మీద ఉన్నాం. కాసేపు విన్నాడు. తర్వాత నా ఒళ్లోంచి పుస్తకం లాక్కుని రెండు పేజీలు తిప్పి పడీపడీ నవ్వాడు. అతని ఇంట్లో కంప్యూటరు ఉందట, ఈ పత్రిక అతనికి నెలనెలా టపాలో వస్తుందట. సమాధుల ఆట వేరే, లారీ ఆట వేరే, రెండూ వేరువేరు నెలల్లో వచ్చాయట.

"రెండింటినీ కలిపి కుట్టిన ఆ తెలివిగలవాళ్లెవరు?" అని అడిగాడు.

 నేను వాడి చేతిలోంచి పుస్తకం తీసుకున్నాను. గోనెపరదా కదిలినట్టనిపించింది. పడవాయన బిడ్డ చేతిలో చింతగింజలు ఆడిస్తూ నన్ను చూసింది, తర్వాత వాణ్ని చూసింది.

"నీ ఆటల లారీ లేదా?" అని తెలుగులోనే అడిగింది. వాడికి అర్థమైంది.

"లేదు."

"గట్లయితే నీదే అధూర ఉన్నది, సగం ఆట."

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. వాడు చెప్పింది నిజమని నాకు తెలిసిపోయింది. ఎవరికి తెలియకపోయినా కంప్యూటరుకు తెలుస్తుంది కదా.

రెండ్రోజుల తర్వాత వాడు నన్నొక్కణ్నే తమ ఇంటికి రమ్మన్నాడు. కాళ్లు రెండుసార్లు కడుక్కుని వెళ్లాను. గది మూలన బల్ల మీద పూలగుడ్డ కప్పి ఉంది కంప్యూటరు. గుడ్డకు కుంకుమ బొట్టు కూడా పెట్టారు. కరెంటు లేదు. వానాకాలంలో మాకు కరెంటు చుట్టపుచూపు. గుడ్డ మీది నుంచే వేలితో తాకాను. చల్లగా ఉంది.

వాడు సూటిగా విషయానికి వచ్చాడు. సమాధుల ఆటలో మూడో తలుపు దగ్గర వాడు ఆగిపోయాడు. ఆ తలుపు కిటుకు ఉన్న పాత సంచిక బదిలీ సామాన్లలో ఎక్కడో పోయింది. అది నా పుస్తకంలో ఉంది. "కుట్లు విప్పి నాకు ఆ పేజీలివ్వు. కరెంటున్న ఏ ఆదివారమైనా పొద్దంతా నువ్వే ఆడుకో. కానీ ముందు మీవాళ్లందరికీ నీ నోటితోనే చెప్పు, మన ఆట తప్పు, కుట్టినవాళ్లకు తెలివి లేదు అని."

"ఆలోచిస్తాను" అన్నాను. అబద్ధం. ఆలోచించడం అక్కడే అయిపోయింది. గుడ్డ కింద ఉన్నదాని మీద, నేను మాటలతో తెరిపించిన ఆ తలుపు వెలుగుతూ తెరుచుకుంటుంది. రాతిచేతులు నిజంగా కదులుతాయి. నా వేలు నొక్కితే కదులుతాయి. అట్లాంటిదాని కోసం ఒక మాట చెప్తే పోయేదేముంది? ఇంటికి వచ్చేటప్పుడు ఆ మాట ఎట్లా చెప్పాలో రెండు రకాలుగా అల్లుకున్నాను కూడా.

సాయంత్రం బాపు గడ్డం గీసుకునే బ్లేడు తీసుకుని గడపలో కూర్చుని, మొదటి కుట్టు కింద పెట్టాను. సుతిలి గట్టిది, తెగలేదు. రెండోసారి పెడుతుంటే వెనక అవ్వ.

"ఏం చేస్తున్నవ్?"

"ఏం లేదు."

"బ్లేడెందుకు మల్ల?"

"గోర్లు తీసుకుందామని."

"పుస్తకానికి గోర్లు మొలిసినయా?"

బ్లేడు గడప మీద పెట్టాను. అవ్వ పక్కన కూర్చుంది. ఆ రోజు చూరు కింద జరిగినదంతా ఆమె పరదా వెనక నుంచి విన్నదని నాకు అప్పుడే తెలిసింది. ఆమెకు మరాఠీ నా కంటే బాగా వచ్చు.

"నాకు చదువు రాదాయె బిడ్డా. కాయితం సైజు సూసి కుట్టిన. తప్పయింది గావచ్చు. సోపతుల ముంగట నీ ఇజ్జత్ పోయింది నా పానానికి." నా చేతిలోంచి పుస్తకం తీసుకుంది. "ఇటియ్యి. నువ్వయితె చింపుతవు. నేనే ఇప్పుత."

అంటూ దబ్బనం మొనతో ముడిని లేపడం మొదలుపెట్టింది. వేలికి దెబ్బ తగిలినచోట ఇంకా నల్లగా ఉంది. కుట్టినప్పుడు ఎంత శ్రద్ధగా ఉందో విప్పేటప్పుడూ అంతే శ్రద్ధగా ఉంది. అది నేను చూడలేకపోయాను. ఆమె తిట్టి ఉంటే విప్పించేవాణ్నే. నామోషీ పడి ఉన్నా విప్పించేవాణ్నే. ఇట్లా నెమ్మదిగా, పని తప్పినవాళ్లు పని సరిచేసినట్టుగా చేస్తుంటే, నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేని కోపం. తర్వాత తేలింది, నా మీదేనని.

పుస్తకం వెనక్కి లాక్కున్నాను. "తప్పేం గాదు. ఆట గట్లనే ఉంటది."

"గట్లనే ఉంటదా?"

"గట్లనే ఉంటది. వానికి తెల్వది."

అవ్వ నా మొహంలోకి చూసింది. నమ్మలేదు. నమ్మినట్టే లేచి వెళ్లింది. పోతూ పోతూ బ్లేడు మాత్రం తీసుకుపోయింది.

ఆ ఆదివారం కాలనీకి వెళ్లాను. కరెంటు ఉంది. కిటికీలోంచి ఏదో నీలిరంగు వెలుగు కనిపించింది. గడప దాటితే దాన్నుంచి కళ్లు తిప్పుకోలేనని, బయటే నిలబడి పిలిచాను. "ఇవ్వను," అన్నాను. కారణాలు బోలెడు తయారుచేసుకుని వెళ్లాను గానీ నా మరాఠీ అంతవరకే సాగింది.

"అయితే ఈ జన్మలో నువ్వు దీన్ని ముట్టుకోలేవు," అన్నాడు.

"ముట్టను," అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఏడ్చానా అంటే, వాన పడుతోంది, నాకే తేడా తెలియలేదు.

చూరు కిందికి వచ్చి అందరికీ ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. వాడు చెప్పింది నిజమే, ఇవి రెండు ఆటలే, ఎలుకలు అంకెలు తిన్నాయి, నేను పోల్చలేకపోయాను. కుట్టింది అవ్వ, కానీ తెలివి లేనిది నాకు. ఇక మీ ఇష్టం, కావాలంటే లారీని తీసేసి ఆడదాం.

లారీ డ్రైవరు కొడుకు మొహం ఎర్రబడింది. "లారీ తీస్తె నేను రాను."

పడవాయన బిడ్డ బొగ్గు తీసుకుని గదులు తనే గీసింది. "గోదారి ఒకదిక్కుకెళ్లి వస్తది, ప్రాణహిత ఒకదిక్కుకెళ్లి వస్తది. రెండు కలిసినయి. ఇడదీసి ఇయ్యమను, మా బాపు పడవెట్ల నడుపుతడో సూద్దాం. కంప్యూటరూ, కూసో. ముందుకు!"

కూర్చున్నాను. వానలు ఆగేదాకా ఆడాం.

సాహెబు కొడుకు రోజూ ఏదో సాకుతో దుకాణానికి వచ్చేవాడు. సబ్బు, సూది, అగ్గిపెట్టె. కొన్నాక కూడా వెళ్లకుండా, కంచె దగ్గర గొడుగు పట్టుకుని నిలబడేవాడు. మూడో తలుపు కిటుకు చెవిన పడుతుందేమోనని. నేనూ తక్కువవాణ్నేం కాదు. వాడి గొడుగు కనిపించగానే మనిషిని లారీ ఎక్కించేసేవాణ్ని. వాడు గంటసేపు నిలబడితే లారీ గంటసేపు ఘాటు దిగుతూనే ఉండేది. ఒక్కోసారి వాడు పోయాక కూడా దిగేది, మాకే ఆపబుద్ధి కాక.

దారులు ఆరాక వాళ్ల నాయనకు మళ్లీ బదిలీ అయింది. వాడు మూడో తలుపు తెరిచాడో లేదో నాకు తెలియదు. ఊళ్లో అందరికీ మాత్రం చెప్పి వెళ్లాడు, ఇక్కడ ఆటల పేర్లు కూడా తెలియనివాళ్లు ఉన్నారని.

తర్వాత నదుల మీద వంతెనలు వచ్చాయి. ప్లాస్టిక్ సంచులు వచ్చి రద్దీ బస్తాలు ఆగాయి. అవ్వ కుట్టిన పుస్తకాన్ని ఏదో ఒక వానలో చెదలు తినేశాయి. అంకెలు ఎలుకలవంతు, అక్షరాలు చెదలవంతు. పడవాయన బిడ్డ పెళ్లయి నది అవతలికి వెళ్లింది. కాలేజీలో మొదటిసారి కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు ముందు వేలితో తాకి చూశాను. పక్కవాడు సమాధుల ఆటలాంటిదేదో ఆడి చూపించాడు. బాగుంది. తలుపు వెనక మళ్లీ తలుపే ఉంది. లారీ రాలేదు. లేచి వచ్చేశాను.

నా బాల్యంలో ఏం లేదో చెప్పేవాళ్లు ఇప్పటికీ నాకు ఎదురవుతుంటారు. కరెంటు లేదు, రోడ్డు లేదు, కంప్యూటరు లేదు, పాపం అంటారు. లేనివాటి జాబితా వాళ్ల దగ్గర ఎప్పుడూ తయారుగా ఉంటుంది. ఉన్నదాన్ని గురించి ఎవరూ అడగరు. అడిగితే చెప్పడానికి నాకు ఒక వానాకాలం పడుతుంది.

ఆ లింకు దగ్గరికి వస్తాను. పాత పాఠకులు సంచికలు పోగేస్తున్నారని చెప్పాను కదా, దాంతోపాటు ఒక జాబితా కూడా చేస్తున్నారు. పత్రికలో వచ్చిన ప్రతి ఆటకూ ఒక వరస. ఆట పేరు, కథ, ఎన్ని మార్కులు వచ్చాయి, ఎవరు తయారుచేశారు. ఎవరికి గుర్తున్నది వాళ్లు చేర్చవచ్చు. మూడు రోజులు ఊరికే చూశాను. నాలుగో రోజు రైతులెవరూ రాని ఒక మధ్యాహ్నం, కొత్త వరస తెరిచి, 'లోపలి లారీ' అని రాశాను. కథ మొత్తం రాశాను. కాగడా, రాతిచేతులు, మూడో తలుపు, మంచుఘాటు, లోడు, నాలుగో తలుపు. పత్రిక ఎట్లా రాస్తుందో నాకు బాగా తెలుసు, అదే గొంతుతో రాశాను. తయారుచేసినవాళ్ల గడి మాత్రం ఖాళీగా వదిలేశాను.

రెండో రోజుకు జవాబులు మొదలయ్యాయి. ఆ ఆట ఉన్నదని ఒకరు. అందులో సంగీతం బాగుంటుందని ఒకరు. లారీ భాగం కొంచెం సాగదీశారని మరొకరు. ఇంతమంది ఆడారని నాకు తెలిస్తే అప్పుడే చింతగింజలు ఇంకొన్ని పోగుచేసేవాణ్ని.

వారం తిరక్కుండా ఒక పెద్దమనిషి వచ్చాడు. ఫొటోలో జుట్టు పలచబడింది. పేరు చూడగానే నా వీపు నిటారైంది. సాహెబు కొడుకు. రాశాడు: చిన్నప్పుడు నాన్నగారి ఉద్యోగరీత్యా అడవి అంచున ఒక ఊళ్లో ఉన్నాను, అక్కడ కంప్యూటరున్నది మా ఇంట్లోనే, ఈ ఆటను నేను అక్కడే చివరిదాకా ఆడాను.

దాన్ని రెండుసార్లు చదివాను. తర్వాత మర్యాదగా అడిగాను: "సార్, మీరు పూర్తిచేశారు కాబట్టి అడుగుతున్నాను. లారీ మూడో తలుపుకు ముందు వస్తుందా, తర్వాతా? ఇక్కడ కొందరు ఇవి రెండు వేరువేరు ఆటలంటున్నారు."

గంటలో జవాబు. "తర్వాతే. రెండు కాదు, ఒకటే ఆట. అనేవాళ్లకు తెలియదు."

అబద్ధం చెప్పాడని అనను. వానాకాలం చివరిదాకా కంచె దగ్గర నిలబడ్డాడు. మా అందరికంటే శ్రద్ధగా విన్నాడు. బహుశా వాడూ ఆడాడు. వాడికి గుర్తున్న ఆట అదే కావచ్చు.

అయినా వదిలిపెట్టదలచుకోలేదు. వాడు సాక్ష్యం చెప్పిన ఆ వరసలోకి మళ్లీ వెళ్లి, ఖాళీగా ఉన్న తయారీ గడిలో మా అవ్వ పేరు, ఇంటిపేరుతో సహా, మూడు భాషల్లో రాశాను. ఇప్పటిదాకా ఎవరూ తీసేయలేదు. తీయమనండి చూద్దాం.